ఏడు కొట్ల ఊరు

ఏటి ఒడ్డున పసుపు పండే ఊళ్లో ఏడుగురు షావుకార్లు ఉండేవారు. సంతవీధిలో ఏడు కొట్లూ ఒకే వరస. రైతులు పసుపు తవ్వి, కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టించి బస్తాలకెత్తితే వ్యాపారులు కొని గోదాముల్లో దాచేవారు. మంచి ధర వచ్చేదాకా సరుకు ఆపుకోవాలంటే చేతిలో డబ్బు ఆడాలి. గోదాము కాపలాదారు రాసిచ్చిన చీటీ పట్టుకెళ్లి ఏదో ఒక కొట్లో పెడితే బస్తాకి పది రూపాయల అప్పు పుట్టేది. చీటీ మీద గోదాము పేరు, బస్తాల లెక్క, తూకం, తేదీ ఉండేవి. దాన్ని నమ్మే షావుకారు డబ్బు తీసేవాడు. ఎవరి చిట్టా వారిది, ఎవరి ఆవర్జా వారిది. ఎవరికెంత ఇచ్చిందీ పక్క కొట్టుకి పొక్కనిచ్చేవారు కాదు. పొక్కితే పక్కవాడు వడ్డీ ఓ పావలా తగ్గించి ఆ ఖాతాదారుణ్ని లాక్కుంటాడు.

ఒక ఏడు ఒక వ్యాపారి మూడు వందల బస్తాలు గోదాములో పెట్టి చీటీ తెచ్చుకున్నాడు. మొదటి కొట్లో మూడు వేలు తీసుకున్నాడు. చీటీ పోయిందని కాపలాదారు దగ్గర మొత్తుకుని అచ్చం అలాంటిదే ఇంకోటి రాయించుకున్నాడు. అది మూడో కొట్టుకి వెళ్లింది. ఇంకో వారానికి నాలుగో కొట్టుకి ఒకటి, ఆ పై వారం ఆరో కొట్టుకి ఒకటి. పసుపు ధర పడిపోయిన నెలలో రాత్రికి రాత్రి ఊరు వదిలేశాడు. తెల్లారేసరికి గోదాము తలుపు దగ్గర నలుగురు గుమాస్తాలు ఎదురుపడ్డారు. నలుగురి చేతుల్లోనూ నాలుగు చీటీలు. అక్షరం తేడా లేదు. లోపల బస్తాలు మాత్రం మూడు వందలే.

అన్నీ కాపలాదారు చేతిరాతే కాబట్టి ఏ చీటీ అసలుదో ఎవరూ తేల్చలేకపోయారు. చివరికి సరుకు నాలుగు వాటాలు చేసి పంచుకున్నారు. ముప్పావు వంతు సొమ్ము మునిగింది. ఆ దెబ్బ షావుకార్లకన్నా ఊరికే ఎక్కువ తగిలింది. మర్నాటి నుంచి ఏ కొట్టూ చీటీ మీద అప్పివ్వలేదు. నిజాయితీగా బతికే చిన్న వ్యాపారులు, పట్టుమని పది బస్తాలు లేని రైతులు, అందరూ ఆ రోజు ఎంత ధర ఉంటే అంతకు తెగనమ్ముకోవాల్సి వచ్చింది. మోసం చేసినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. శిక్ష మాత్రం ఉన్న ఊరివాళ్లు అనుభవించారు.

అప్పుడు మొదటి కొట్టు పెద్ద షావుకారు మిగతా ఆరుగురినీ భోజనానికి పిలిచాడు. "ఒకరి లెక్క ఒకరికి తెలియకపోవడం వల్లే కదా మునిగాం. మా ఇంట్లో మేడగది ఖాళీగా ఉంది. ఒక మహా ఆవర్జా పెడతాను. అందరూ మీ పద్దులు తెచ్చి అందులో ఎక్కించండి. గుమాస్తా జీతం, కాగితాలు, దీపపు చమురు అన్నీ నావే," అన్నాడు. ఆయన మాటలో కపటం లేదు. నిజంగానే ఊరు బాగుపడాలని కోరుకున్నాడు. టేకు బల్ల చేయించాడు, తోలు అట్ట వేసిన పుస్తకం కుట్టించాడు. ఆరుగురూ బాగుందన్నారు. నెల గడిచింది. ఇద్దరు పాత పద్దులు నాలుగు రాసి ఊరుకున్నారు. ఒకరు రేపు మాపు అన్నారు. మిగతావాళ్లు మేడ మెట్లు ఎక్కలేదు. అలా రానివాళ్లను తప్పు పట్టలేం. తమకు అప్పున్న వాళ్ల జాబితా మొత్తం పోటీదారు మేడ మీద పెట్టి రావడానికి ఏ షావుకారికి మనసొప్పుతుంది? ఏడాది తిరిగేసరికి పెద్ద షావుకారు గది తాళం వేయించాడు.

మోసపోయిన కొట్లలో మూడోదాని గుమాస్తాని, చూసుకోకుండా డబ్బిచ్చావని పనిలోంచి తీసేశారు. ఆయన కూతురికి లెక్కలంటే ప్రాణం. తండ్రి పోగొట్టుకున్న పేరు గురించే ఆమె ఆలోచించింది. పెద్ద షావుకారు దగ్గరికి వెళ్లి అడిగింది.

"షావుకారు గారూ, ఆ వ్యాపారి మీ దగ్గరికి వచ్చిన రోజున మీకేం తెలిసుంటే నష్టపోయేవారు కాదు?"

"అతని అప్పులన్నీ తెలిసుంటే, తల్లీ."

"అన్నీ తెలియాలా? ఈ చీటీ మీద ఇంకెవరైనా ముందే డబ్బిచ్చారా లేదా అన్న ఒక్కటి తెలిస్తే చాలదా?"

ఆయన చాలాసేపు ఆలోచించి, "చాలు," అన్నాడు.

ఆమె ఒక లెక్క కట్టింది. చీటీ మీదున్న ప్రతి అక్షరానికీ ఒక అంకె. ఆ అంకెలను వరసగా హెచ్చవేస్తూ, కూడుతూ పోయి, వచ్చిన పెద్ద సంఖ్యను అందరికీ తెలిసిన ఇంకో సంఖ్యతో భాగించి, శేషం మాత్రం ఉంచుకోవాలి. ఒకే చీటీకి ఏ కొట్లో కట్టినా ఒకే శేషం వస్తుంది. ఒక బస్తా తేడా వచ్చినా శేషం పూర్తిగా మారిపోతుంది. శేషం చూసి చీటీలో ఏముందో చెప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఆ లెక్క ముందుకే నడుస్తుంది, వెనక్కి నడవదు.

సాయంత్రం దీపాలవేళ ఏడుగురు గుమాస్తాలూ చావడికి రావాలి. ఆ రోజు తమ దగ్గరికి వచ్చిన చీటీల శేషాలు చిన్న కాగితాల మీద రాసి కుండలో వెయ్యాలి. బడిపంతులు ఒక్కొక్కటీ తీసి పైకి చదువుతాడు. ఏడుగురూ ఏడు పుస్తకాల్లో రాసుకుంటారు. చదివిన శేషం ఇదివరకే పుస్తకంలో ఉందంటే ఆ చీటీ మీద ఎవరో ఒకరు ముందే అప్పిచ్చారన్నమాట. ఎవరు ఇచ్చారో, ఎవరికిచ్చారో, ఎంతిచ్చారో పుస్తకంలో ఉండదు. రోజు చివర ఆ రోజు శేషాలన్నిటినీ, నిన్నటి ముగింపు శేషంతో కలిపి మళ్లీ లెక్క కట్టి కొత్త ముగింపు శేషం రాసుకుంటారు. ఎవరైనా వెనక ఒక పేజీ చించి మార్చితే, అక్కడి నుంచి ఇవాళ్టిదాకా ఉన్న ముగింపులన్నీ మిగతా ఆరు పుస్తకాలతో తేడా వస్తాయి.

పెద్ద షావుకారికి ఒకటే అనుమానం వచ్చింది. "మరి పుస్తకం ఎవరి దగ్గరుంటుంది?"

"ఏడుగురి దగ్గరా ఉంటుందండీ."

"నీకేం మిగులుతుంది?"

"చదివిన ప్రతి కాగితానికీ కొట్టువాళ్లు ఒక అణా ఇస్తే చాలు. పంతులు గారికి సగం, నాకు సగం."

మొదటి వారం ముగ్గురే వచ్చారు. పదో రోజున ఒక శేషం రెండోసారి కుండలోంచి వచ్చింది. పంతులు చదివాడు. పుస్తకాలు తిరగేసే చప్పుడు తప్ప చావడిలో ఇంకో మాట లేదు. ఆ కాగితం వేసిన గుమాస్తా ఎవరో తల ఎత్తలేదు. మర్నాడు ఒక కొట్లో ఒక వ్యాపారికి, "ఈ విడత కుదరదండీ, ఇంకో సరుకు మీద చూద్దాం," అని మర్యాదగా చెప్పి పంపారు. వీధిలో రచ్చ జరగలేదు, ఎవరి పరువూ పోలేదు, డబ్బూ పోలేదు. ఆ కబురు ఎలా తెలిసిందో గానీ నెల తిరక్కుండా ఏడుగురూ రావడం మొదలుపెట్టారు. పెద్ద షావుకారు గుమాస్తా అందరితోపాటే చాప మీద కూర్చున్నాడు.

అప్పుడొక చిక్కు వచ్చింది. ఐదో కొట్టు షావుకారు మేనల్లుడు చురుకైనవాడు. నాలుగో కొట్టు ఖాతాదారుల బళ్లు గోదాముకి వెళ్తుంటే వీధి అరుగు మీద కూర్చుని బస్తాలు లెక్కపెట్టాడు. గోదాములు ఐదే, తేదీలు వారం రోజుల్లోవే. తెలిసిన వివరాలతో ఎన్ని రకాల చీటీలు ఉండొచ్చో అన్నీ తనే పలకల మీద రాసి, అన్నిటికీ శేషం కట్టి, చావడి పుస్తకంలో ఏది దొరుకుతుందో వెతికాడు. దొరికింది. ఎవరి సరుకు ఎప్పుడు తాకట్టులోకి వెళ్లిందో అతనికి తెలిసిపోయింది. వెనక్కి నడవని లెక్కకు ముందు నుంచే దారి కాశాడు.

గుమాస్తా కూతురు ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి గోదాము కాపలాదార్లందరి దగ్గరికీ వెళ్లింది. "చీటీ రాసేటప్పుడు చివర పదక్షరాల మాట ఒకటి రాయండి. దానికి అర్థం ఉండకూడదు, ఒకసారి రాసింది మళ్లీ రాయకూడదు. చీటీ ఉన్నవాళ్లకు, మీ దస్త్రానికి తప్ప ఆ మాట ఇంకెవరికీ తెలియకూడదు. పోయిన చీటీకి మళ్లీ రాసిస్తే పాత మాటే వెయ్యండి," అని చెప్పింది. ఆ మాటతో కలిపి శేషం కట్టడం మొదలయ్యాక మేనల్లుడి పలకలు ఎందుకూ కొరగాలేదు.

రెండేళ్లు బాగా సాగింది. మూడో ఏడు ఒక గోదాములో రెండు వందల బస్తాలు విప్పితే పైన జానెడు పసుపు కొమ్ములు, కింద ఇసుక. చీటీ కొత్తదే. శేషం అంతకుముందు ఏ పుస్తకంలోనూ లేదు. ఏడు పుస్తకాలూ అక్షరాలా సరిపోయాయి. డబ్బిచ్చిన షావుకారు ఆమె ఇంటి ముందుకొచ్చి అరిచాడు. "నీ లెక్క తప్పదన్నావు కదే అమ్మాయ్!"

"లెక్క తప్పలేదు బాబాయి గారూ. లెక్క చీటీని చూస్తుంది. బస్తాని చూడాల్సింది మనిషి. మచ్చు తీశారా మీరు?"

ఆయన దగ్గర జవాబు లేదు. పుస్తకం వచ్చాక మచ్చు తీయడం మానేశారు అందరూ. మర్నాటి నుంచి ఆమె తండ్రికి కొత్త పని దొరికింది. ఏడు కొట్ల తరఫునా గోదాములకు వెళ్లి, తనకు తోచిన బస్తా విప్పించి, అడుగుదాకా చెయ్యి పెట్టి చూడటం, చూశాకే చీటీ మీద తన సంతకం పెట్టడం.

నీతి

వ్యాపారంలో పోటీ పడేవాళ్లు కలిసి ఒక పుస్తకం రాయాలంటే ఆ పుస్తకం అడిగేది వీలైనంత తక్కువగా ఉండాలి. వాళ్లలో ఏ ఒక్కరి ఇంట్లోనూ అది ఉండకూడదు. బ్లాక్‌చెయిన్ పేరుతో గత పదేళ్లలో పుట్టిన వ్యాపార వేదికల్లో ఏది నిలిచింది, ఏది మూతపడింది అని చూస్తే నాకు ఈ నియమమే కనిపిస్తుంది. కోడ్ ఎంత గొప్పగా రాశారన్నది తర్వాతి సంగతి.

నాలుగు చీటీల మోసం కల్పన కాదు. 2014లో చైనాలోని చింగ్‌దావ్ రేవులో అల్యూమినియం, రాగి వంటి లోహాల నిల్వలను నకిలీ గోదాము రసీదులతో ఒకటికి మించి బ్యాంకుల్లో తాకట్టు పెట్టారని బయటపడి అంతర్జాతీయ బ్యాంకులు కోర్టుల చుట్టూ తిరిగాయి. మన దేశంలో ఇదే మోసం ఇన్వాయిస్ రూపంలో వస్తుంది. చిన్న పరిశ్రమ పెద్ద కంపెనీకి సరుకు పంపి ఇన్వాయిస్ ఇస్తుంది. డబ్బు రావడానికి మూడు నెలలు పడుతుంది. ఈలోగా ఆ ఇన్వాయిస్ చూపించి అప్పు తెచ్చుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతితో ట్రెడ్స్ వేదికలు వచ్చాయి. ఆర్‌ఎక్స్ఐఎల్, ఇన్వాయిస్‌మార్ట్, ఎం1ఎక్స్‌ఛేంజ్ అని మూడు 2017లో పని మొదలుపెట్టాయి. మూడూ పోటీదారులే. ఒకచోట అప్పు తీసుకున్న ఇన్వాయిస్‌నే ఇంకోచోట పెడితే ఎలా తెలుస్తుంది? తమ ఖాతాదారుల వివరాలు పోటీ వేదికకు చూపించే ఉద్దేశం ఎవరికీ లేదు.

2018లో ఈ మూడింటినీ కలిపింది మనీటాగో అనే న్యూయార్క్ స్టార్టప్. అప్పటి దాని పద్ధతి గుమాస్తా కూతురి పద్ధతే. ఇన్వాయిస్ వివరాలు ఏ వేదికవి ఆ వేదిక దగ్గరే ఉంటాయి. వాటి నుంచి లెక్కగట్టిన డిజిటల్ వేలిముద్ర మాత్రం ఉమ్మడి బ్లాక్‌చెయిన్‌కి వెళ్తుంది. అదే వేలిముద్ర ముందే ఉంటే హెచ్చరిక వస్తుంది. ఇందులో వ్యాపార రహస్యం ఒక్కటీ చేతులు మారదు. ముగ్గురు పోటీదారులు ఒప్పుకోవడానికి కారణం అదేనని నేను నమ్ముతాను. వాళ్లను మీ దగ్గరున్నదంతా ఇవ్వండని అడగలేదు. ఒక్క ప్రశ్నకు అవునో కాదో చెప్పమన్నారు.

ఆ వేలిముద్రను కంప్యూటరు వాళ్లు హ్యాష్ అంటారు. జీఎస్టీ చెల్లించే వ్యాపారులకు ఇది కొత్త కాదు, పేరే తెలియదంతే. ఈ-ఇన్వాయిస్ మీద ఐఆర్ఎన్ అని 64 అక్షరాల పొడవాటి వరస కనిపిస్తుంది కదా, అది హ్యాషే. అమ్మినవారి జీఎస్టీ నంబరు, పత్రం రకం, పత్రం నంబరు, ఆర్థిక సంవత్సరం కలిపి ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో వేస్తే అది వస్తుంది. పత్రం నంబరులో ఒక్క అంకె మారినా 64 అక్షరాల వరస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఒకే ఇన్వాయిస్ రెండుసార్లు నమోదు కాకుండా ఆపడానికి అది సరిపోతుంది. రహస్యం దాచడానికి మాత్రం చాలదు, దాని ఉద్దేశమూ అది కాదు. అందులోకి వెళ్లిన నాలుగు వివరాలూ బయటివాళ్లు ఊహించగలిగినవే. మేనల్లుడు చేసిన పని ఇవాళ కంప్యూటరు కనురెప్ప వేసేలోగా చేస్తుంది. పది అంకెల ఫోను నంబర్ల హ్యాష్‌లు తీసి, ఇక ఇది రహస్యం, ఎవరికైనా చూపించొచ్చు అనుకునే కంపెనీలు ఈ ముక్క గట్టిగా తెలుసుకోవాలి. ఉండే నంబర్లన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చి చూడటం ఇవాళ పెద్ద పనేమీ కాదు. అందుకే ఎవరూ ఊహించలేని అర్థంలేని మాటను కలుపుతారు. వ్యాపార సమాచారం భద్రంగా పంచుకుంటామని చెప్పే స్టార్టప్‌ని పెట్టుబడిదారు మొదట అడగాల్సింది ఆ మాట ఎక్కడ పుడుతుంది, ఎవరి దగ్గర ఉంటుంది అని.

ఇక నిన్నటి ముగింపు శేషాన్ని ఇవాళ్టి లెక్కలో కలుపుతూ కట్టిన రోజుల గొలుసు సంగతి. బ్లాక్‌చెయిన్ అనగానే అందరికీ బిట్‌కాయిన్ గుర్తొస్తుంది. అంతకు చాలా ముందే 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా అనే ఇద్దరు పరిశోధకులు, ఒక డిజిటల్ పత్రం ఫలానా రోజుకే ఉందని, తర్వాత ఎవరూ మార్చలేదని ఎలా నిరూపించాలో రాశారు. పత్రాల వేలిముద్రలను ఒకదానికొకటి గొలుసు కట్టడమే వాళ్లు చూపిన దారి. తర్వాత ష్యూరిటీ అనే కంపెనీ పెట్టారు. ఖాతాదారులు పంపిన వేలిముద్రలన్నిటినీ కలిపి ఒక వేలిముద్ర చేసి, 1995 నుంచి వారం వారం న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా అచ్చు వేయించేవారు. ఆ వరసను వెనక్కి వెళ్లి మార్చాలంటే ఊళ్లలో, గ్రంథాలయాల్లో ఉన్న పత్రిక ప్రతులన్నీ మార్చాలి! కంపెనీ యజమానులే దొంగలైనా ఖాతాదారుడికి నష్టం లేదు. నన్ను నమ్మండి అని అడగకుండా, నన్ను నమ్మాల్సిన అవసరం రానివ్వను అని చెప్పిన ఆ కంపెనీ అంటే నాకెంతో గౌరవం. 2008లో వచ్చిన బిట్‌కాయిన్ పత్రంలో ఉదహరించిన ఎనిమిది రచనల్లో మూడింటి రచయితల్లో ఈ ఇద్దరూ ఉన్నారు.

తాళం పడిన మేడగది కూడా కల్పన కాదు. ప్రపంచ ఓడల రవాణాలో అగ్రగాముల్లో ఒకటైన మేర్స్క్, ఐబీఎంతో కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ అనే వేదిక పెట్టింది. కంటైనరు ఎక్కడుంది, కస్టమ్స్ కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయి, రేవులో ఎప్పుడు దిగుతుంది, అన్నీ సంబంధించినవాళ్లందరికీ ఒకేచోట కనిపించాలన్నది ఆశయం. ఆశయం మంచిది, సాంకేతికత గట్టిది. ఎంఎస్‌సీ, సీఎంఏ సీజీఎం వంటి పెద్ద పోటీదారులు కొందరు తర్వాత చేరారు కూడా. అయినా పోటీదారు యాజమాన్యంలో ఉన్న పుస్తకంలో మన సరుకు లెక్క ఎందుకు రాయాలన్న సంకోచం మొదటి ఏడాది నుంచే ఉంది. పరిశ్రమ మొత్తం కలిసిరావడం సాధ్యం కాలేదని 2022 నవంబరులో రెండు సంస్థలూ ప్రకటించాయి. 2023 మొదటి త్రైమాసికంతో దాన్ని మూసేశారు. ఖర్చు పెట్టినవాడికి పెత్తనం ఉండటం లోకంలో న్యాయమే. కానీ ఉమ్మడి పుస్తకం విషయంలో ఆ న్యాయం నడవదు. చీటీకి అణా చొప్పున అందరూ ఖర్చు భరించే పద్ధతి మొదటి రోజే కుదుర్చుకోవాలి. దానికి ఓపిక లేని స్టార్టప్‌లు ఒక పెద్ద కంపెనీ ఒడిలో కూర్చుంటాయి. మిగతా కంపెనీలకు అవి ఆ క్షణం నుంచే పరాయివి.

ఇసుక బస్తాలు ఇంకా ఇటీవలివి. 2023 మార్చిలో లండన్ మెటల్ ఎక్స్‌ఛేంజ్ తొమ్మిది నికెల్ రసీదులను రద్దు చేసింది. సుమారు 54 టన్నుల లోహానికి చెందిన పత్రాలవి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ గోదాములో సంచులు చూస్తే నికెల్ బదులు రాళ్లున్నాయి. ప్రపంచంలోనే పేరున్న లోహ మార్కెట్, లైసెన్సున్న గోదాము, పద్ధతి ప్రకారం ఉన్న రసీదులు! ఆ రసీదులను బ్లాక్‌చెయిన్ మీద పెట్టి ఉంటే రాళ్ల లెక్క ఎవరూ చెరపలేనంత భద్రంగా ఉండేది. మా వేదిక మీద నమోదైన సరుకు అసలుదేనని ప్రకటించుకునే కంపెనీలు కొనేవాళ్లకు అన్యాయం చేస్తున్నాయి. నమోదు తర్వాత మార్పు జరగలేదని మాత్రమే అవి చెప్పగలవు. నమోదు చేసినవాడు నిజం చెప్పాడా అన్నది తూకం వేసి, మచ్చు తీసి, సంతకం పెట్టే మనిషి నిజాయితీ మీద ఉంటుంది. ఆ మనిషికి మంచి జీతం ఇవ్వడం సర్వర్ల ఖర్చుకన్నా ముందు రావాలి.

ఇంత చెప్పాక ఇంకో మాట దాచకూడదు. అందరూ ఒప్పుకునే ఒక పెద్దమనిషి ఊళ్లో ఉంటే ఏడు పుస్తకాలు అక్కర్లేదు. మన దేశంలో గోదాము రసీదులకు 2007లో చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన గోదాముల నియంత్రణ సంస్థ డబ్ల్యూడీఆర్ఏ, 2017లో ఎలక్ట్రానిక్ రసీదులు తెచ్చింది. నేషనల్ ఇ-రిపాజిటరీ, కంట్రీవైడ్ కమోడిటీ రిపాజిటరీ (పూర్వం సీడీఎస్ఎల్ కమోడిటీ రిపాజిటరీ) అనే రెండు సంస్థలు వాటి లెక్క చూస్తాయి. బ్యాంకు అప్పిచ్చినప్పుడు తాకట్టు అక్కడే నమోదవుతుంది. ఇంకో బ్యాంకు అదే రసీదు మీద ఇవ్వలేదు. దీనికి బ్లాక్‌చెయిన్ లేకపోయినా పని జరుగుతుంది. చట్టం వెనకున్న కేంద్రం చేయగల పనికి స్టార్టప్ వెళ్లి గొలుసులు తగిలించడం వృథా శ్రమ. హైదరాబాద్ స్టార్టప్ చిట్‌మాంక్స్ నిర్మించిన టీ-చిట్స్ నాకు ఈ రెండింటికీ మధ్య దారిలా కనిపిస్తుంది. తెలంగాణలో చిట్ ఫండ్ కంపెనీల లెక్కలు బ్లాక్‌చెయిన్ మీద నమోదయ్యేలా, వాటిపై రిజిస్ట్రేషన్ శాఖ పర్యవేక్షణ ఉండేలా దాన్ని కట్టారు. చీటీపాటలో డబ్బు కట్టే మధ్యతరగతి మనిషికి కంపెనీ ఒక లెక్క, రిజిస్ట్రారుకు ఇంకో లెక్క చూపించే వీలు తగ్గడం చిన్న మేలు కాదు.

గోదాముల విషయంలో ఉమ్మడి పుస్తకానికి ఇప్పటికీ చోటు మిగిలే ఉంది. బదిలీ చేయదగ్గ రసీదు ఇవ్వాలనుకునే గోదాముకే డబ్ల్యూడీఆర్ఏ నమోదు కావాలి. నమోదు కాని గోదాములు, శీతల గిడ్డంగులు తమ సొంత చీటీలు, బాండ్లు ఇస్తాయి. అవి రిపాజిటరీల పరిధిలోకి రావు. గుంటూరు మిర్చి, దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు వంటి సరుకుల మీద అప్పిచ్చే బ్యాంకులు, సహకార సంఘాలు, ప్రైవేటు ఫైనాన్సర్లు ఒకరితో ఒకరు పోటీలో ఉన్నవాళ్లు. ఈ పని చేయాలనుకునే కుర్రవాళ్లెవరైనా ఉంటే ముందు కంప్యూటరు మూసి, ఒక మార్కెట్ యార్డు పరిధిలో అప్పిచ్చేవాళ్లలో కనీసం ముగ్గురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాలి. తమ ఖాతాదారుల పేర్లు చెప్పకుండా వాళ్లు ఏ ఒక్క ప్రశ్నకు జవాబివ్వడానికి సిద్ధమో రాయించుకోవాలి. దానికి నెలకు ఎంత కడతారో కూడా అదే కాగితం మీద రాయించుకోవాలి.